ఉద్యోగమే ఉపాసన: ధరణికోట నేర్పు పాఠములు

మానవుడు నిద్ర లేచినది మొదలు మరల శయనించువరకు ఏదో యొక కర్మ నాచరించుచునే యుండును. క్షణమాత్రమైనను కర్మ చేయక యుండుట ఎవ్వరికిని శక్యము కాదని గీతాచార్యుడు అర్జునునకు బోధించెను. అయినను నేటి గృహస్థుని దినచర్యను పరిశీలించినచో ఒక విచిత్రము కానవచ్చును. ఉదయమున దేవుని గదిలో అతడు గడుపునది అరగంట. కార్యాలయమునందో, అంగడియందో, పొలమునందో, యంత్రశాలయందో గడుపునది ఎనిమిది గంటలు, పది గంటలు. ఆ అరగంట దేవునిదనియు, తక్కిన కాలము తనదనియు అతడు భావించును. మరికొందరు ఆ పది గంటలు తమవి కూడ కావనియు, జీతమిచ్చువానికి అమ్ముడుపోయినవనియు తలచి నిట్టూర్చుచుందురు. పదవీ విరమణ చేసిన పిదప భక్తిమార్గమున పడుదమని వాయిదా వేయువారును కలరు. అట్లైనచో దేహబలమును బుద్ధిబలమును గల వయస్సంతయు భగవంతునితో సంబంధము లేకయే గడచిపోవలసినదేనా? ఇదియే ఇచ్చట విచారింపదగిన విషయము.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. కృష్ణాతీరమున, అమరావతీ క్షేత్రము నంటుకొని, ధరణికోట యను గ్రామము కలదు. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన ఈ గ్రామమే పూర్వము ధాన్యకటకమను మహానగరము. శాతవాహనుల కాలమున ఇది వర్తకమునకును విద్యకును నిలయము. అనంతరము కోట వంశపు ప్రభువులు దీనిని రాజధానిగా చేసికొని పాలించిరి. కోట కేతరాజు 1182వ సంవత్సరమున అమరేశ్వరునకును, ఇచ్చటి బుద్ధదేవునకును కూడ దానము లొసగి శాసనము వ్రాయించెను. కాకతీయ గణపతిదేవుని కుమార్తె గణపాంబ ఈ ఇంటి కోడలై, భర్త మరణించిన పిమ్మట దుఃఖమును దిగమ్రింగి రాజ్యభారమును తానే వహించెను. ఇట్టి నేల రాజులను గూర్చి మాత్రమే చెప్పదు. పనిచేసి బ్రతికిన సామాన్యులను గూర్చియు చెప్పును. ఉద్యోగధర్మ మెరుగగోరువారు వినవలసినది ఆ మాటయే.

చర్మకారుని పూర్ణకుంభము

అమరావతి స్తూపమునకు దానములు చేసినవారి పేర్లు రాళ్లపై చెక్కబడి నేటికిని నిలిచియున్నవి. వారిలో రాజులకంటె వృత్తిజీవులే మిక్కుటము. గంధద్రవ్యముల నమ్మువారు, వణిజులు, గృహపతులు, లేఖకులు, నిర్మాణపు పనులను పర్యవేక్షించు నవకర్మికులు, భిక్షుకులు, భిక్షుణులు అందు కనిపింతురు. చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్న ఒక ఫలకముపై పద్మములతో నిండిన పూర్ణకుంభము చెక్కబడియున్నది. దానిని సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. అతని తండ్రి నాగుడను ఉపాధ్యాయుడు. తల్లితోను, భార్యతోను, సోదరులతోను, పుత్రునితోను గూడి ఈ దానము చేసినట్లు ఆ శాసనము పలుకుచున్నది.

పాఠకులు ఇచ్చట ఒక్క క్షణ మాగవలెను. తోలు పనిచేసి ఆర్జించిన ధనముతో అతడు శిల నెన్నుకొని, శిల్పిచే మంగళకలశమును చెక్కించి, తన వృత్తిని దాచక పేరుతోపాటు వ్రాయించెను. తన పని నీచమని అతడు తలచలేదు. పనిని విడిచి వచ్చిననే దైవము లభించుననియు అనుకొనలేదు. ఆ పనియే అతని చేతికి కలశమును అందించినది. దాదాపు రెండు వేల సంవత్సరములు గడచినవి. ఆనాటి ధనికుల భవనములలో ఒక్కటియు నేడు నిలిచి లేదు. చర్మకారుని కుంభము మాత్రము నిండుగా నున్నది.

మహాభారతమున అరణ్యపర్వమునందలి ధర్మవ్యాధుని కథ ఈ సత్యమునే బోధించును. తపస్సంపన్నుడైన కౌశికుడను బ్రాహ్మణుడు తన చూపుతో కొంగను దహించి గర్వించెను. పతిసేవలో నున్న ఒక గృహిణి అతనికి ఆ గర్వము కూడదని చెప్పి, మిథిలకు పంపెను. అచ్చట మాంసము విక్రయించుచున్న వ్యాధుడు అతనికి ధర్మరహస్యమును బోధించెను. ఆ వ్యాధుడు చెప్పిన దానిలో మంత్రములు లేవు. తూకమున మోసము చేయకుండుట, అతిథిని ఆదరించుట, తలిదండ్రులను సేవించుట, తనకు సంక్రమించిన పనిని ద్వేషింపకుండుట, ఇవియే అతని సాధనములు. తన కర్మచేతనే భగవంతు నర్చించి నరుడు సిద్ధి పొందునని గీత పదునెనిమిదవ అధ్యాయమున చెప్పబడిన దానికి ధర్మవ్యాధుడు వ్యాఖ్యానము. విధికుని కుంభము ఆ వ్యాఖ్యానమునకు తెలుగు నేలపై దొరకిన నిదర్శనము.

కావున ఉద్యోగి మొదట మార్చుకొనవలసినది తన పనిని కాదు, పనియెడల తన భావమును. లెక్కలు వ్రాయువాడు తాను వ్రాసిన అంకెను దేవుని ముందుంచు పుష్పముగా భావించినచో దొంగలెక్క వ్రాయుటకు అతని చేయి వణకును. వాడిన పువ్వును పూజకు తెచ్చువాడుండడు గదా!

పూడిక తీయని కాలువ

1962వ సంవత్సరము మొదలుకొని కొన్ని ఏండ్లపాటు పురావస్తుశాఖవారు ధరణికోటలో త్రవ్వకములు జరిపిరి. అచ్చట నదితో సంబంధము గల పెద్ద నౌకామార్గ మొకటియు, ఓడలు చేరుటకు కఱ్ఱ స్తంభములతో కట్టిన రేవొకటియు బయల్పడినవి. తరువాతి కాలమున ఆ కఱ్ఱ రేవునకు మారుగా ఇటుకల రేవును నిర్మించిరి. సముద్రమునుండి కృష్ణ మీదుగా వచ్చు సరకు ఇచ్చట దిగెడిది. దేశమధ్యమునుండి వచ్చు సరకు ఇచ్చట ఎక్కెడిది. అట్టి కాలువ కాలక్రమమున పూడిపోయినది. ఓడలు వచ్చుట మానినవి. రేవు మట్టిక్రింద మరుగుపడినది.

కాలువ పూడుట ఒక దినమున జరుగు పని కాదని కృష్ణాతీరపు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతిదినము నీటితోపాటు పిడికెడు ఒండ్రు వచ్చి అడుగున చేరును. ఆ దినమున అది ఎవ్వరికిని కనిపించదు. ఏటేట పూడిక తీయుచున్నంతకాలము నీరు పారును. ఒక్క ఏడు మానినచో మరుసటి ఏడు పని రెట్టింపగును. పది యేండ్లు మానినచో కాలువయే లేకుండపోవును. మనుష్యుని పనియు నిట్టిదే. నేడు చేయవలసిన ఒక జాబు రేపటికి జరిగినది. రేపటి జాబు ఎల్లుండికి జరిగినది. వాయిదా పడిన ఒక్కొక్క పని ఒక్కొక్క పిడికెడు ఒండ్రు. కొంతకాలమునకు బల్లపై కాగితముల గుట్టయు, మనస్సులో భయమును మిగులును. ఆ భయముచేతనే ఉద్యోగి పనిని చూచుటకు సైతము జంకి, సెల్‌ఫోనులో మునిగి కాలము గడపును. సోమరితనమని లోకము దేనిని నిందించునో దానిలో చాలభాగము ఇట్టి భయమే.

1909వ సంవత్సరమున ముద్రితమై లోకమునకు తెలియవచ్చిన కౌటిల్యుని అర్థశాస్త్రము రాజు దినచర్యను నిర్దేశించుచు పగటిని ఎనిమిది భాగములుగను, రాత్రిని ఎనిమిది భాగములుగను విభజించినది. ఒక భాగము ప్రజల వ్యవహారములకు, ఒక భాగము స్నానభోజన స్వాధ్యాయములకు, ఒక భాగము ఆదాయవ్యయములకు, ఇట్లు ప్రతి పనికిని చోటు చూపినది. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి అందు కలదు. అవసరమైన పనిని వెంటనే వినవలెననియు, త్రోసివేసిన పని కష్టసాధ్యమో అసాధ్యమో యగుననియు ఆ శాస్త్రము హెచ్చరించినది. సామ్రాజ్యము నేలువానికే ఇది విధియైనప్పుడు ఒక బల్ల నేలువానికి కాదా?

ఆచరణలో దీనికి సులభమైన మార్గము కలదు. సాయంకాలమున ఇంటికి బయలుదేరుటకు ముందు పావుగంట పూడిక తీయుట కేటాయించవలెను. నేడు మిగిలిన పనులెవ్వి, వానిలో రేపు మొట్టమొదట చేయవలసినదేది, ఎవరికి సమాధానము బాకీపడితిమి అని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. మరునాడు ఉదయమున మిక్కిలి భయపెట్టు పనిని మొదట పట్టవలెను. సంధ్యావందనమునకు వేళ యున్నట్లే ఈ పావుగంటకును వేళ యుండవలెను.

చలివేంద్రమున సూదియు దారమును

ధాన్యకటకముతోను శ్రీపర్వతముతోను సంప్రదాయము ముడివేసిన ఆచార్య నాగార్జునుడు బౌద్ధుడు. మతము వేరైనను నీతి యందరిది. ఆయన శాతవాహన ప్రభువునకు హితము చెప్పుచు సుహృల్లేఖ, రత్నావళి యను రెండు గ్రంథములు రచించెనని ప్రతీతి. సుహృల్లేఖ సంస్కృతమూలము నేడు లభ్యము కాదు. చీనా, టిబెట్టు భాషల అనువాదములలో మాత్రము నిలిచినది. 7వ శతాబ్దిలో భారతదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు ఈ దేశపు బాలురు దానిని కంఠస్థము చేయుచుండిరని వ్రాసియుంచెను. అనగా రాజునకు వ్రాసిన హితము పిల్లలకును పాఠమైనదన్నమాట!

రత్నావళియందు ఆచార్యుడు రాజునకు చెప్పిన ధర్మములలో చలివేంద్రమును గూర్చిన మాట యొకటి మిక్కిలి మనోహరము. నీరు లేని దారులలో చలివేంద్రములు పెట్టింపుమని చెప్పి ఆయన ఊరకుండలేదు. ఆ చలివేంద్రముల చెంత పాదరక్షలు, గొడుగులు, నీటిని వడగట్టు సాధనము, ముల్లు తీయు పట్టుకారు, సూది, దారము, విసనకఱ్ఱ ఉంచుమని చెప్పెను. రాజ్యతంత్రమును బోధించు ఆచార్యునకు సూదితో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. ఆలోచించినచో అందే యున్నది రహస్యము. ఆయన చలివేంద్రమును చూడలేదు. చలివేంద్రమునకు వచ్చు బాటసారిని చూచెను. ఎండలో నడచివచ్చువానికి దాహమొక్కటియే కాదు. కాలిలో ముల్లు విరిగియుండును, వస్త్రము చినిగియుండును, చెప్పు తెగియుండును. నీరిచ్చి పంపినచో నియమము పాటించినట్లగును. ముల్లు తీసి పంపినచో ధర్మము పాటించినట్లగును. నీటిశాల నరయువానిని తెలుపు ‘పానీయఘరిక’ యను పదము అమరావతి శాసనములందును కానవచ్చుచున్నది. నీరు పోయించు పనియు ఒక హోదాగా గణింపబడిన దేశమిది.

ఇప్పుడు ఈ దృష్టిని మన కార్యాలయములకు త్రిప్పుదము. ఒక వృద్ధురాలు పింఛను కాగితము పట్టుకొని వచ్చినదనుకొందము. కంప్యూటరులో ఆమె పేరు ఒక అక్షరము తప్పుగా నున్నది. “పేరు కలియుటలేదు, పోయి సరిచేయించుకొని రమ్ము” అని చెప్పిన గుమాస్తా అసత్యము పలుకలేదు. నియమమును మీరలేదు. కాని ఎచ్చటికి పోవలెనో, ఏ కాగితము తీసికొనిపోవలెనో, ఎవరిని అడుగవలెనో ఆమెకు తెలియదు. బస్సు చార్జీకి ఆమె పొరుగింటిలో అప్పుచేసి వచ్చియుండవచ్చును. ఆ మూడు సంగతులను ఒక చీటిపై పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చుటకు రెండు నిముషములు పట్టును. ఆ చీటియే సూది, ఆ చీటియే దారము. అది లేనందున ఆమె మూడు నెలలు తిరుగవచ్చును. ఆ మూడు నెలల మందు, ఆ మూడు నెలల బియ్యము గుమాస్తా రెండు నిముషములపై ఆధారపడియున్నవి. పని పాటలలో పాపపుణ్యములు ఎంత చిన్న రూపమున వచ్చునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

పగిలిన రాయి, మిగిలిన చిత్రము

శ్రద్ధ యనునది ఏమియో, శ్రద్ధ లేనిచో ఏమగునో తెలుపు ఘట్టమొకటి ఈ నేలపైననే జరిగినది. 18వ శతాబ్ది చివరిభాగమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చెను. క్రొత్త పట్టణము కట్టుటకు రాళ్లు కావలసి, దీపాలదిన్నె యని పిలువబడు పాత దిబ్బను త్రవ్విరి. అదియే మహాస్తూపము. దాని సున్నపురాతి ఫలకములు కొన్ని గోడలలోను మెట్లలోను కలిసిపోయినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయినవి. త్రవ్వినవారు దుష్టులు కారు. అప్పగించిన పనిని వారు చేసిరి. చేతిలోనున్నది ఏమియో చూడకుండ చేసిరి, అంతియే దోషము.

1798వ సంవత్సరమున ఆ దిబ్బను చూచిన కాలిను మెకంజీ అను అధికారి 1816, 1817 సంవత్సరములలో తన చిత్రకారులచేత అచ్చటి శిల్పములను ఒక్కొక్కటిగా చిత్రింపజేసెను. ఆ శిల్పములలో కొన్ని తరువాత నశించినవి. చిత్రములు లండను నగరపు గ్రంథాలయమున నేటికిని కలవు. పండితులు నేడు ఆ స్తూపరూపము నూహించుటకు ఆ కాగితములు ముఖ్యాధారములు. ఒకే దిబ్బ, ఒకే ఎండ. ఒక చేయి రాతిని పగులగొట్టినది. ఒక చేయి కాగితముపై నిలిపినది. ఎండలో కూర్చుండి రేఖలు గీసిన ఆ చిత్రకారులకు తాము కాపాడుచున్నది ఎంతటి నిధియో పూర్తిగా తెలిసియుండదు. అయినను కనబడినదానిని కనబడినట్లు గీసిరి. అది చాలినది.

పనిచేయువాడు తన చేతిలోని వస్తువు ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోవును, దీనివలన ఎవరికి లాభము, చెడినచో ఎవరికి నష్టము అను నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ నాలుగింటికి సమాధాన మెరిగినవాడు యంత్రము కాడు, కార్యకర్త యగును.

ఆంజనేయుని నివేదన

ఉద్యోగమున మాట సగము పని. ఇందులకు శ్రీమద్రామాయణమును మించిన పాఠ్యగ్రంథము లేదు. లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు శ్రీరామునకు నివేదించునప్పుడు తాను సముద్రము దాటిన విధమును మొదట వర్ణింపలేదు, సురసను సింహికను గూర్చి చెప్పలేదు, లంకాదహనమును చాటుకొనలేదు. దేవి క్షేమముగా నున్నది, వ్రతనిష్ఠతో నున్నది అను సంగతిని ముందు విన్నవించెను. వినువాని హృదయము దేనికై తపించుచున్నదో దానిని మొదట చెప్పుట, తన శ్రమను వెనుకకు నెట్టుట, ఇది దూతధర్మము. నేడు అనేకులు పై అధికారికి నివేదించునప్పుడు తమ కష్టముతో ప్రారంభించి, ఫలితమును చివర చెప్పుదురు. పని జరుగనిచో ఆ ముక్కను మధ్యలో దాచుదురు. జరిగినదానిని జరిగినట్లు, జరుగనిదానిని జరుగలేదని మొదటి మాటలోనే చెప్పుటకు అలవాటుపడినవానియందు అందరికిని విశ్వాసము కుదురును.

అప్పగించిన ముఖ్యకార్యమునకు భంగము రాకుండ అదనపు కార్యములను సాధించువాడే సమర్థుడని ఆంజనేయుడు లంకలో తలపోసెను. ఈ మాటలో మొదటి భాగమును మరువరాదు. సీతాన్వేషణము ముగిసిన తరువాతనే ఆయన లంకబలమును పరీక్షింప బూనెను. చేతిలోని పని వదలి పదిమందికి కనిపించు పనులపైకి పోవువాడు ఆంజనేయుని అనుసరించినవాడు కాడు.

పైనుండి జారు నీరు

అమరేశ్వరస్వామి లింగము మిక్కిలి ఎత్తైనది. అర్చకులు మెట్లెక్కి పై అంతస్తునుండి అభిషేకము చేయుదురు. పైన పోసిన పాలైనను నీరైనను శిరస్సునుండి పాదపీఠమువరకు జారును. అధికారము గలవాడు ఈ దృశ్యమును కన్నులార చూడవలెను. పైనున్నవాడు పోసినదే క్రిందివరకు జారును. ఉదయమున పై అధికారి ఒకనిపై అకారణముగా కోపించినచో, ఆ కోపము మధ్యాహ్నమునకు గుమాస్తాపైకి, సాయంకాలమునకు బంట్రోతుపైకి, రాత్రికి వాని ఇంటిలోని పసిబిడ్డపైకి దిగును. ఆదరము సైతము అట్లే దిగును.

వేంకటాద్రి నాయుని గూర్చి ఈ ప్రాంతపు ప్రజలు తరతరములుగా చెప్పుకొను కథ యొకటి కలదు. చెంచులు గ్రామములపైబడి దోచుచున్నారని కోపించి, ప్రభువు వారిని విందునకు పిలిపించి, నమ్మి వచ్చినవారిని నరికించెనట. నరుకుళ్లపాడు అను గ్రామనామము ఆ సంఘటనను స్మరింపజేయుచున్నదని జనశ్రుతి. ఆ నాటినుండి ఆయన భోజనమునకు కూర్చుండినచో విస్తరిలోని అన్నము పురుగులై కనిపించెనట. శాంతి దొరకక అమరేశ్వరుని శరణుజొచ్చి, తన సంపదను ఆలయములకును దానములకును వినియోగించెనని చెప్పుదురు. 1807 మొదలు 1809 వరకు మంగళగిరిలో ఎత్తైన గాలిగోపురమును కట్టించినవాడు ఈయనయే. 1816లో ఆయన పరమపదించెను.

ఈ కథలోని నీతిని సరిగా గ్రహింపవలెను. గోపురము కట్టినచో చేసిన హింస మాసిపోవునని దీని తాత్పర్యము కాదు. నరికివేయబడినవారు మరల రాలేదు. వారి పిల్లల ఆకలి గోపురముతో తీరలేదు. కోపమున తీసికొన్న నిర్ణయము విస్తరిలోనికి వచ్చునని ఈ కథ చెప్పుచున్నది. అధికారి సంతకము పెట్టి మరచును. ఆ సంతకము అతనిని మరువదు. కావున కోపము వచ్చిన దినమున శిక్షాపత్రముపై సంతకము పెట్టరాదు. ఒక రాత్రి గడువనిచ్చి, ఎదుటివాని మాట పూర్తిగా విని, పిదప నిర్ణయింపవలెను. దండించవలసివచ్చినను అయోగ్యుడైన కుమారుని సరిదిద్దు తండ్రివలె దండింపుమని నాగార్జునుడు రాజునకు చెప్పెను. చెరసాలలోని బందీలకు సైతము క్షురకర్మ, స్నానము, అన్నపానములు, ఔషధము, వస్త్రములు లోపింపరాదని రత్నావళియందు విధించెను.

ఫలత్యాగము ఎవరి వ్రతము?

ఇచ్చట ఒక సందేహమును తీర్చవలసియున్నది. గీతాచార్యుడు ఫలాపేక్ష వలదని చెప్పెను గదా, అట్లైనచో జీతము పెంచుమని అడుగుట తప్పా? విశ్రాంతి కోరుట దోషమా? కొందరు యజమానులు ఈ ఉపదేశమును తమకు అనుకూలముగా మలచుకొని, “పనియే పూజ, ఫలమును కోరవలదు” అని సేవకులకు బోధించి, రాత్రింబవళ్లు పనిచేయించుకొందురు. ఇది శాస్త్రమును తలక్రిందులు చేయుట. నిష్కామత్వము మనుష్యుడు తనకు తానై స్వీకరించు వ్రతము. ఒకడు మరియొకనిపై మోపు పన్ను కాదు. ఏకాదశినాడు తాను ఉపవసించువాడు భక్తుడు. పనివానికి అన్నము పెట్టక, “నీకు నేడు ఏకాదశి” అని చెప్పువాడు భక్తుడా? ఫలత్యాగము చేయవలసిన యజమాని మొదట తన అధికలాభమును త్యజింపనిమ్ము! పనివాని కూలి పనివాని ధర్మబద్ధమైన సొత్తు. దానిని ఇచ్చుట దానము కాదు, ఋణవిమోచనము. దానిని న్యాయముగా అడుగుట లోభము కాదు, కుటుంబధర్మము.

మరి ఫలమును విడుచుట యనగా నేమి? పని చేయునప్పుడు మనస్సు పనియందుండవలెను, మెప్పునందు కాదు. పదోన్నతి ఒకనికి రావచ్చును, రాకపోవచ్చును. యోగ్యుని దాటి అయోగ్యునకు పోవుటయు లోకమున కలదు. అట్టి దినమున సైతము చేతిలోని పనిని చెడగొట్టకుండ నిలువగలిగినవాడే యోగి. అన్యాయమును తగినచోట నివేదింపవచ్చును, నివేదింపవలెను. కాని అన్యాయము చేసినది పై అధికారి యైనప్పుడు, కక్ష తీర్చుకొనునది చలివేంద్రమునకు వచ్చిన బాటసారిపై కాకూడదు.

గీత ఆరవ అధ్యాయమున మితాహారము, మితవిహారము, మితమైన నిద్ర, మితమైన కర్మచేష్ట గలవానికే యోగము దుఃఖమును పోగొట్టునని చెప్పబడినది. కర్మకును మితి కలదని భగవానుడే పలికినప్పుడు, నిద్ర మాని పనిచేయుటను ఘనతగా చాటుకొనుట అవివేకము. ఇంటికి వచ్చిన పిమ్మట ఇల్లాలి మాట, బిడ్డల పాఠము, వృద్ధుల మందు కూడ ఉద్యోగధర్మములే. వానికి జీతము లేదు గాని వాయిదా వేసినచో పూడిక వానియందే మిక్కిలిగా చేరును.

నిత్యానుష్ఠానము

పైన చెప్పినదానినంతయు ఉద్యోగి అయిదు నియమములుగా గుర్తుంచుకొనవచ్చును. ఉదయమున బల్ల ముందు కూర్చుండి, పని ప్రారంభించుటకు ముందు ఒక్క నిముషము కన్నులు మూసికొని, నేటి పనిని ఇష్టదైవమునకు సమర్పించుట మొదటిది. మిక్కిలి భయపెట్టు పనిని ముందుగా చేయుట రెండవది. తన యొద్దకు వచ్చినవారిలో రోజునకు ఒక్కరికైనను అడుగని సహాయము చేయుట, అనగా ముల్లు తీసి పంపుట, మూడవది. నిజమును మొదటి మాటలోనే చెప్పుట, కోపమున నిర్ణయము చేయకుండుట నాలుగవది. సాయంకాలమున పావుగంట పూడిక తీసి, పనిని అచ్చటనే విడిచి ఇంటికి పోవుట అయిదవది. ఈ అయిదింటికి ధనవ్యయము లేదు. ఎవరి అనుమతియు అక్కరలేదు. నలువది దినములు విడువక పాటించినచో మనస్సు తేలికపడుట ఉద్యోగికే తెలియును. ముఖము తేటపడుట ఇంటివారికి తెలియును.

భక్తులు అమరావతికి వచ్చి, కృష్ణలో స్నానమాడి, అమరేశ్వరుని దర్శించి పోవుచుందురు. వీలున్నవారు ప్రక్కనే యున్న ధరణికోట మట్టిని సైతము ఒకసారి దర్శింతురు గాక. ఓడలు నిలిచిన రేవు ఆ మట్టిలో కలదు. పూడిక తీయువారు లేనందున పోయిన కాలువ అందు కలదు. తోలు కోసి, కుట్టి, ఆ కూలితో పూర్ణకుంభమును దేవునకు సమర్పించిన విధికుడు నడచిన దారియు ఆ పరిసరములందే కలదు. అతడు ఏ కార్యాలయమునకును అధికారి కాడు, ఏ గ్రంథమును రచింపలేదు. తన పనిని చక్కగా చేసెను, తనవారినందరిని వెంటబెట్టుకొని దైవము ముందు నిలిచెను.

మన చేతిలోని పనియు ఒక కుంభమే. దానిని వెలితిగా నుంచుటయు నిండుగా నుంచుటయు మన శ్రద్ధపై ఆధారపడియున్నది. ఆ శ్రద్ధను, దానికి తగిన ఆరోగ్యమును, శ్రమకు తగిన న్యాయమైన ప్రతిఫలమును బాలచాముండికా సమేతుడైన అమరేశ్వరుడు కష్టించి బ్రతుకు ప్రతి యింటికిని అనుగ్రహించుగాక!